అత్తగారి జేబులో బోల్టు

అత్తగారి ఫోను వచ్చేసరికి మేం కరసు కనుమ ఎక్కేసి అవతలివైపు దిగుతున్నాం. పొద్దున్నించీ పడిన మంచు అప్పుడే తెరిపి ఇచ్చింది. మా ఆవిడ చిహొ నిండు నెలలతో వెనక సీట్లో రెండు దిళ్ళ మధ్య ఒదిగి కమలాపండు ఒలుచుకుంటోంది. తొలి కానుపు పుట్టింట్లోనే జరగాలి కదా, అందుకని సెనొహరాలో ఉన్న వాళ్ళమ్మ దగ్గరికి బయల్దేరాం. ఆమెని అక్కడ దింపేసి, సాయంత్రానికి మా రేవుకి తిరిగొచ్చి చేపల కొట్టు తెరుచుకోవాలని నా ఆలోచన.

చిహొ ఫోను స్పీకరులో పెట్టింది.

“వచ్చేస్తున్నామమ్మా, కనుమ దాటేశాం,” అంది.

“కారు ఆపమను,” అంది అత్తగారు.

మా అత్తగారు తొషిఎ గారు మామూలుగా మాట్లాడితే వీధి చివరివాళ్ళు జవాబు చెప్తారు. కార్ల ఫ్యాక్టరీ రొదలో ముదిరిన గొంతు. అలాంటిది ఆ రోజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడుతోంది. మాట అర్థం కాకముందే ఆ గొంతుకే నాకు భయం పట్టుకుంది.

“ఏమైందండీ అత్తయ్యా?”

“ముందు ఆపు బాబూ, తరవాత అడుగుదువు గాని. మెల్లిగా ఆపు. స్టీరింగు గబుక్కున తిప్పకు. బ్రేకు అదిమి తొక్కకు.”

అత్తగారు నన్ను ‘బాబూ’ అని పిలిచింది! పెళ్ళయిన నాటినించీ నేను ఆవిడకి ‘ఏమయ్యా చేపలాయనా’నే.

ఆపమంటే ఎక్కడ ఆపను? ఎడమ పక్క రాతి గోడ, కుడి పక్క లోయ, మధ్యలో దారి సన్నగా, ముందంతా మలుపులు. మంచులో అక్కడ నిలబెడితే వెనకనించి వచ్చే లారీ మమ్మల్ని లోయలోకి తోసేస్తుంది. లారీలు గొలుసులు కట్టుకోవడానికి ఆగే జాగా ఒకటి కింద ఉందని తెలుసు. అందాకా పోవాలి. మలుపు వచ్చినప్పుడల్లా స్టీరింగు గుడ్డుని పట్టుకున్నట్టు పట్టుకుని తిప్పాను. కారు ఎప్పటిలాగే చెప్పిన మాట విని తిరుగుతోంది. అది అలా బుద్ధిగా తిరగడమే నాకు మరీ భయం వేసింది, దేన్ని నమ్మాలో తెలియక.

చిహొ కమలాపండు పక్కన పెట్టేసి నా సీటు వెనకభాగం గట్టిగా పట్టుకుంది. “ఏమైందో చెప్పమ్మా,” అంటే, అటు అత్తగారు “ఆగారా? ఆగారా?” అనే అంటోంది.

అసలు ఆ కారు కొనడమే ఆవిడ పంతం. సెనొహరాలో పుట్టినవాళ్ళకి హబుకి కారు తప్ప ఇంకో కారు కంటికి ఆనదు. ఆ ఊళ్ళో పొయ్యి వెలిగేదీ, పిల్లలు చదివేదీ, ముసలివాళ్ళు కాటికి పోయేదీ హబుకి వాళ్ళ జీతాలతోనే. పెద్దాయన హబుకి మొదట్లో పొలాలకి నీళ్ళు తోడే మరలు చేసేవాడట. యుద్ధంలో ఊరు కాలిపోయాక, ఆ బూడిదలో దొరికిన ఇనుముతో మూడు చక్రాల బళ్ళు కట్టాడు. వాటిలో ఒకదానికి దిగుడులో చక్రం ఊడిపోయి బియ్యం వర్తకుడొకాయన చచ్చిపోయాడు. పెద్దాయన ఆ చక్రాన్ని మోసుకొచ్చి ఫ్యాక్టరీ గేటు మీద వేలాడదీశాడు. ఈనాటికీ పనిలోకి పోయేవాళ్ళు దానికి తల వంచి మరీ లోపలికి పోతారు. అప్పటినించీ ‘హబుకి దారిలో దిగబెట్టదు’ అని ఎడారి దేశాల్లో టాక్సీవాళ్ళు కూడా అంటారని అత్తగారి ఉవాచ. పెళ్ళిచూపుల రోజు నాకు టీ కన్నా ముందు ఈ చరిత్రే పోసింది.

నాదేమో రేవు ఊరు. నాకో వ్యాను ఉండేది, వేరే కంపెనీది, చేపల కంపు కొట్టేది. మొదటిసారి వాళ్ళింటికి దాన్ని తోలుకెళితే అత్తగారు గుమ్మంలోనించే, “అయ్యో, అయ్యో, దాన్ని పోస్టాఫీసు వెనకాల పెట్టి రావయ్యా, ఇరుగుపొరుగు చూస్తే నేను రేపు లైనులో తలెత్తుకోగలనా?” అంది. పెట్టి వచ్చాను. కాసేపటికి వెళ్ళి చూస్తే దాని మీద నీలం టార్పాలిన్ కప్పి ఉంది, శవానికి కప్పినట్టు. చిహొకి నెల తప్పిందని తెలియగానే ఆవిడ తీర్పు చెప్పేసింది. “నా మనవసంతానం ఆ చేపల డబ్బాలో ఎక్కడానికి వీల్లేదు.” అలా ఈ చలికాలం మొదట్లో వచ్చింది మాకు తెల్ల హబుకి. లైనులో ముందు చక్రాలు బిగించే చోట పనిచేసే అత్తగారు, తన చేత్తో బిగించిన కారు.

జాగా వచ్చింది. కారు ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, ఊపిరి వదిలాను. “ఆగామండీ,” అన్నాను.

అటువైపు ఫ్యాక్టరీలో మరలు తిరిగే చప్పుడు మాత్రం వినపడుతోంది.

“బాబూ, నా జేబులో బోల్టు ఉంది,” అంది.

“ఏం బోల్టు?”

“చక్రాన్ని స్ప్రింగు కాడకి పట్టి ఉంచే బోల్టు. ఒక్కో పక్క రెండేసి ఉంటాయి. ఈ చలికోటు నేను మీ కారు లైను మీదకి వచ్చిన రోజు వేసుకున్నదే. ఆ తరవాత మళ్ళీ ఇవాళే వేసుకున్నాను. జేబులో చెయ్యి పెడితే...”

నాకు ఇంకా బుర్రకెక్కలేదు గాని చిహొకి ఎక్కేసింది. ఆ ఊరి పిల్ల కదా. “అమ్మా, బోల్టు జేబులో వేసుకున్నావా నువ్వు? బోల్టు ఎక్కడైనా జేబులో వేసుకుంటారా?” అని అరిచింది.

“అరవకే తల్లీ, నీకు మంచిది కాదు. నా ఇంటివాళ్ళ కారు వస్తోందని నెమొతొ మైకులో చెప్పాడు. నేను వెళ్ళొద్దూ?”

అదో ఆచారం వాళ్ళకి. పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళు కొనుక్కున్న కారు లైను మీదకి వస్తే, ఆ సంగతి లైను పెద్ద మైకులో చెప్తాడు. అందరూ చప్పట్లు కొడతారు. ఆ మనిషి వెళ్ళి ఖాళీ చేతుల్ని కారు ముందు భాగం మీద ఆనించి తల వంచి రావాలి. చేతిలో పనిముట్టు ఉండకూడదు, చేతొడుగు ఉండకూడదు. అత్తగారి చేతిలో అప్పుడు బోల్టు ఉంది. చెయ్యి ఖాళీ చేసుకోవాలి గనక జేబులో వేసుకుని పరిగెత్తింది. ఆవిడ జాగాలో పక్కావిడ వచ్చి నిలబడి, లైను ఆగకూడదని, పని అయిపోయినట్టు మీట నొక్కేసింది. కూతురి కారుని దీవించి తిరిగొచ్చిన అత్తగారు ఆ పొంగులో బోల్టు సంగతే మరిచిపోయింది.

“ఒక బోల్టు లేకపోతే ఏమవుతుందండీ?” అన్నాను.

“కొన్నాళ్ళు రెండోది మోస్తుంది.”

“తరవాత?”

నేను అద్దంలోంచి కిందికి చూశాను. మేం దిగాల్సిన దారి తెల్లగా, వంకర్లు తిరుగుతూ కిందికి పోతోంది. అంతా దిగుడే.

అప్పుడు చిహొ “అబ్బా” అంది.

“ఏంటి?”

“ఏం లేదు. కడుపు పట్టేసినట్టుంది. పొద్దున్నించీ వచ్చి పోతోంది.”

“పొద్దున్నించీనా? చెప్పవేం?”

“చెప్తే నువ్వు ఇలా మొహం పెడతావనే.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కిందికి పోదామంటే చక్రం ఊడుతుందేమో, ఇక్కడే ఉందామంటే పిల్ల మంచులో పుడుతుందేమో. అంబులెన్సుకి నా ఫోనులోంచి చేస్తే, కనుమ కింద లారీ అడ్డం తిరిగిందట, అది తీసేదాకా రాలేమన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఒట్టు, ఏడ్చాను. చేపల కొట్టువాణ్ణి, నాకు కారంటే డీజిలు పొయ్యడమే తెలుసు. హబుకిని తిట్టాను, ఆ గేటు మీది చక్రాన్ని తిట్టాను, నా వ్యానుని టార్పాలిన్ కింద పడుకోబెట్టినందుకు అత్తగారిని కూడా తిట్టాను. ఆవిడ అన్నీ విని, “తిట్టు బాబూ, తరవాత ఇంకా తిట్టు. ఇప్పుడు మాత్రం కిందికి దిగి చూడు,” అంది.

“నాకేం కనపడుతుందండీ?”

“కనపడక్కర్లేదు, చెయ్యి పెట్టి తడుము. నువ్వు చేపలో ముల్లు తడుముతావుగా. స్టీరింగు మెల్లగా ఒక పక్కకి పూర్తిగా తిప్పు. కిర్రుమంటే ఆపెయ్. ఎడమ చక్రానికి వెనక సందు ఏర్పడుతుంది. అందులోకి చెయ్యి పోనియ్. బ్రేకు పళ్ళెం కాలుతూ ఉంటుంది, దాన్ని ముట్టుకోకు. పైన లావుపాటి కాడ తగులుతుంది. దాని అడుగున బొటనవేలంత బోల్టు తలలు రెండు, ఒకదాని కింద ఒకటి ఉండాలి.”

స్టీరింగు తిప్పుతుంటే నా చెవులు చక్రం దగ్గరే ఉన్నాయి. కిర్రుమనలేదు. దిగి మంచులో బోర్లా పడుకున్నాను. చలి చొక్కాలోంచి పొట్టకి తగిలింది. చెయ్యి లోపలికి పోనిస్తుంటే మణికట్టు ఆ పళ్ళేనికి తగిలి చుర్రుమంది. చెయ్యి లాగేసుకుని మళ్ళీ పెట్టాను. బురద, గడ్డ కట్టిన మంచు, ఏదో రబ్బరు. కాడ దొరికింది. దాని వెంబడే వేళ్ళు కిందికి జరిపాను. ఒక బోల్టు తల తగిలింది.

“ఒకటుంది!” అని అరిచాను.

“పైదా, కిందిదా?” అత్తగారి ప్రశ్నని చిహొ అరిచి చెప్పింది.

“నాకేం తెలుసు!”

వేలు ఇంకా కిందికి జరపడానికి ధైర్యం చాలలేదు. అక్కడ ఖాళీ బెజ్జం తగిలితే నేనేం చెయ్యగలను? వెనక సీట్లో చిహొ పళ్ళ బిగువున మూలుగుతోంది. ఒక లారీ మా పక్కనించి పోయింది, దాని చక్రాలు చిమ్మిన మంచు నా మొహాన పడింది. కళ్ళు మూసుకుని వేలు జరిపాను.

ఉంది. రెండోదీ ఉంది. గోటితో గీకాను, బొటనవేలితో తోశాను, కదల్లేదు. నమ్మకం కలగక మళ్ళీ మొదటిదాన్ని, మళ్ళీ రెండోదాన్ని తడిమాను. స్టీరింగు అటు తిప్పి కుడి చక్రం కూడా చూశాను. అక్కడా రెండున్నాయి. లేచి, బురద చేత్తోనే చిహొ చెంపలు పట్టుకుని ఏడుస్తూ నవ్వాను. ఆమె కూడా నవ్వింది. “అమ్మా, మా కారు బాగానే ఉంది! అన్ని బోల్టులూ ఉన్నాయి!” అని ఫోనులో కేక పెట్టింది.

అత్తగారు సంతోషిస్తుందని చూశాం.

“అమ్మా?”

“నేను తల వంచడానికి పరిగెత్తినప్పుడు,” అంది అత్తగారు మెల్లగా, “మీ కారు ఇంకా నా దగ్గరికి రాలేదు. వెనకాలుంది. మీ కారుకి నేను తిరిగొచ్చాకే బిగించాను. నా చేతిలో ఉన్న బోల్టు ముందు కారుది. ముందుదో, దాని ముందుదో. ఏ రంగుదో కూడా గుర్తు లేదే. నా కళ్ళు మీ కారు మీదే ఉన్నాయి.”

ఆ మాట విన్నాక, ఇందాక నాకు పట్టిన భయం ఎక్కడికీ పోలేదని తెలిసింది. దాన్ని ఇంకెవడికో అందించి చేతులు దులుపుకుందామనుకున్నాను. అంతే.

ఫోనులో ఒక మగ గొంతు వినపడింది. లైను పెద్ద నెమొతొ. “మీ పిల్ల కారు బాగుందిగా తొషిఎ అక్కా, ఇంకేం? ఫోను పెట్టెయ్. ఫ్యాక్టరీ చూడ్డానికొచ్చిన విదేశాల వాళ్ళు నడవాలో నిలబడి ఉన్నారు. సాయంత్రం వాళ్ళు వెళ్ళాక నిదానంగా పైవాళ్ళకి చెబుదాం.”

“సాయంత్రమా?” అంది చిహొ. “అమ్మా, తాడు లాగు.”

ప్రతివాళ్ళ తల పైనా ఒక తాడు ఉంటుంది అక్కడ. తప్పు కనపడితే లాగాలి, ఒక పాట మోగి లైను మొత్తం ఆగిపోతుంది, తప్పు జరిగిన పూట బయటికి పోయిన కార్ల లెక్కంతా తిరగేస్తారు. లాగమని అందరికీ నేర్పుతారు, లాగినవాళ్ళకి దండం పెడతామంటారు. కానీ అంతమంది ముందు లాగడానికి చెయ్యి లేవాలి కదా.

“నాకు భయంగా ఉందే,” అంది అత్తగారు. ఆవిడ నోటంట ఆ మాట నేను వినడం అదే మొదలు. “జేబులో బోల్టు వేసుకున్నదాన్ని నేనే కదా. గేటు మీద ఆ చక్రానికి రోజూ దండం పెట్టి... ఏ మొహంతో లాగను?”

“మా కారులో బోల్టు లేకపోయి ఉంటే లాగేదానివా, కాదా?”

“లాగేదాన్ని.”

“అయితే లాగు. నాకు నొప్పులొస్తున్నాయి, నాతో వాదించకు.”

నెమొతొ “అక్కా, అక్కా” అంటున్నాడు. ఏదో గరగరమని ఈడ్చిన చప్పుడు. తరవాత చిన్నపిల్లలు బళ్ళో పాడుకునే పాట ముక్క ఒకటి గంటల్లా మోగడం మొదలైంది. దాని వెనకాల మరలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. చివరికి ఆ పాట ఒక్కటే మిగిలింది. అప్పుడు ఆవిడ మామూలు గొంతుతో, వీధి చివరిదాకా వినపడేలా, “నేనే లాగాను! ఇదిగో బోల్టు!” అంది. ఫోను తెగిపోయింది.

మేం దిగడం మొదలుపెట్టాం. చిహొకి నొప్పులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. మా కారు గట్టిదని తెలుసు, అయినా స్టీరింగుని ఇంకా గుడ్డులాగే పట్టుకున్నాను. ఎందుకో కాసేపటికి తెలిసింది.

కింద అడ్డం తిరిగిన లారీని తీసేశారు కాబోలు, కింది మలుపులోంచి ఒక హబుకి ఎక్కుతూ వచ్చింది, మాలాంటిదే, బూడిద రంగుది. మమ్మల్ని చూసి దీపాలు ఆర్పి వెలిగించింది. ఆ వైపు అదో మర్యాద, హబుకివాళ్ళు ఎదురుపడితే దీపాలతో పలకరించుకుంటారు. నేను హారను మోగించి, చెయ్యి బయట పెట్టి ఆపమని ఊపాను. నడిపేవాడు నవ్వి తనూ చెయ్యి ఊపాడు. వెనక అద్దంలో ఒక పాప కూడా ఊపింది. పోయారు. మలుపు తిరిగి కనుమ వైపు పోయారు.

“వాళ్ళది కొత్త కారు,” అంది చిహొ. “నంబరు పలక మెరుస్తోంది.”

“సెనొహరాలో సగం కొత్త కార్లేలే. ఫ్యాక్టరీవాళ్ళు వెతికి పట్టుకుంటారు. ఫోన్లు చేస్తారు.”

“ఎప్పుడు? వాళ్ళు కనుమ దిగాకా?”

నాకు ఆస్పత్రి కావాలి. నా భార్య, నా బిడ్డ, నా బోల్టులు అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఊళ్ళో వాళ్ళ గొడవ నాకెందుకు? అలాగే అనుకున్నాను, దాచుకోవడమెందుకు. కింద ఇంకో హబుకి కనపడింది, తెల్లది. దూరంనించే దీపాలు ఆర్పి వెలిగించింది.

“ఆపు,” అంది చిహొ.

“పిచ్చా నీకు? నొప్పులతో...”

“నా నొప్పులు ఆగుతాయి. వాళ్ళు ఆగరు. ఆపి దిగు.”

ఆపాను. దిగి దారి మధ్యకి వెళ్ళి చేతులు రెండూ బార చాపి నిలబడ్డాను. చొక్కా నిండా బురద, మొహం నిండా మంచు, నన్ను చూస్తే ఎవరైనా దయ్యమనుకుంటారు. తెల్ల కారు దగ్గరికి వస్తోంది. దాని ముందు చక్రాలు మంచులో కొంచెం అటూ ఇటూ ఊగుతున్నాయి. మంచు వల్లనేమో. పక్కకి తప్పుకోమని కాళ్ళు గోల పెడుతున్నాయి. కళ్ళు మూసుకుని అక్కడే నిలబడ్డాను.

మోకాళ్ళకి వేడి తగిలింది. కళ్ళు తెరిస్తే కారు నా ముందే ఆగి ఉంది. అద్దం దిగింది. నెరిసిన జుట్టాయన తల బయట పెట్టాడు, పక్క సీట్లో ఆయన భార్య గుండె పట్టుకుని కూర్చుంది.

“చావాలనుందా నీకు?” అని ఆయన నా మీద విరుచుకుపడ్డాడు.

“లేదండీ,” అన్నాను. వంగి ముందు చక్రం వెనక సందులోకి చూశాను. “ఈ కారు మీరు ఎప్పుడు కొన్నారండీ?”